స్ట్రాస్‌బర్గ్ చిందుల నుంచి ‘ఓ స్త్రీ రేపు రా’ వరకు: హైస్కూలు పిల్లలకు మూకుమ్మడి భయాల పాఠం

తొమ్మిదో తరగతి చరిత్రలో ఫ్రెంచి విప్లవం పాఠం మధ్యలో ఒక చిన్న పేరా ఉంటుంది. కోతకొచ్చిన పంటను నాశనం చేయడానికి జమీందార్లు దొంగల ముఠాలను కూలికి పెట్టుకున్నారని 1789 జులైలో ఫ్రాన్స్ పల్లెల్లో పుకారు లేస్తుంది. రైతులు పారలు, పంగలకర్రలు పట్టుకుని జమీందార్ల కోటల మీద పడతారు. దాచిన ధాన్యం దోచుకుంటారు, శిస్తు బాకీల కాగితాలు తగలబెడతారు. ఆగస్టు 4 రాత్రి జాతీయ సభ భూస్వాముల హక్కులను రద్దు చేస్తుంది. మామూలుగా ఈ పేరాను ఒకరితో చదివించి ముందుకు పోతాం. సోషల్ టీచర్లకు నా మనవి, అక్కడ ఆగండి. మనం మాస్ హిస్టీరియా అంటున్న మూకుమ్మడి భయాల గురించి చెప్పడానికి సిలబస్‌లో ఇంతకంటే మంచి సందు దొరకదు. నాలుగు పీరియడ్లు చాలు. అందులో ఒకటి ఫిజిక్స్ సార్‌ను అడిగి తీసుకోవచ్చు, ఎందుకో కింద చెప్తాను.

నేను అనంతపురం జిల్లాలో, కళ్యాణదుర్గం వైపు, ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్తాను. మా పిల్లల్లో ఎక్కువమంది వేరుశనగ రైతుల బిడ్డలు, వలస కూలీల బిడ్డలు. ఊళ్ళో ఎవరికైనా గాలి సోకిందంటే, ఎవరో పిల్లలనెత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారని ఫోన్‌లో వస్తే, ముందు వణికేది వీళ్ళ ఇళ్ళే. కాబట్టి ఈ పాఠం నాకు అదనపు విషయం కాదు.

పాఠం మొత్తానికి పట్టుకోవాల్సింది ఒకటే. అంతమంది ఒక్కసారిగా అట్లా అయిపోయారంటే, అంతకు ముందే ఆ ఊళ్ళో ఒక భయం కాపురముంది. ఆ భయం ఏమిటో, దాన్ని చూసి పెద్దలు ఏం చేశారో పిల్లలు వెతికి పట్టుకోవాలి. ‘ఆ కాలం వాళ్ళకు తెలివి లేదు’ అన్న మాట దగ్గర ఆగిపోయేటట్లయితే ఈ పాఠం చెప్పకపోవడమే మేలు.

మొదటి పీరియడు: పేలు

పుస్తకం తెరవొద్దు. ముందే ఇద్దరు పిల్లలను పక్కకు పిలిచి చెరొక కాగితమిచ్చి వెనక బెంచీలో కూర్చోబెట్టండి. ‘నేను మాట్లాడేటప్పుడు ఎవరి చేయి తల మీదికి పోయినా ఒక గీత పెట్టండి, ఎవరితోనూ అనొద్దు’ అని చెప్పండి. తర్వాత మామూలుగా పేల గురించి మాట్లాడండి. ఈపి వెంట్రుక మొదట్లో ఎట్లా అతుక్కుంటుంది, ఎంత దువ్వినా ఎందుకు రాదు, పేను చెవి వెనక నుంచి మెడ మీదికి ఎట్లా పాకుతుంది, ఒకే దిండు మీద ఇద్దరు పడుకుంటే ఏమవుతుంది. తొందర పడొద్దు, మెల్లగా చెప్పండి. రెండు నిమిషాలు గడిచేసరికి ముందు వరసలో ఒకమ్మాయి చెవి వెనక వేలు పెడుతుంది. దాన్ని చూసి పక్కనున్న పిల్ల జడ పైకెత్తి మెడ రుద్దుకుంటుంది. మగపిల్లల్లో ఒకడు పెన్ను మూతతో నడినెత్తి గీరుకుంటాడు. వెనకున్న ఇద్దరి కాగితాలు గీతలతో నిండిపోతాయి.

అప్పుడు ఆపి అడగండి. ‘దురద పెట్టిందా?’ అంటే ‘నిజంగానే పెట్టినాది మేడం’ అంటారు. ‘పేను కనపడిందా?’ అంటే ‘లేదు మేడం’ అంటారు. ఈ రెండు జవాబులూ బోర్డు మీద పక్కపక్కనే రాసి, నాలుగు పీరియడ్లూ చెరపకుండా ఉంచండి. దురద నిజం. పేను లేదు. ఎవరూ నటించలేదు, ఎవరూ అబద్ధం చెప్పలేదు. మూకుమ్మడిగా జబ్బుపడ్డవాళ్ళను ‘నాటకాలాడుతున్నారు’ అని తిట్టే మాటకు జవాబు ఆ రెండు వాక్యాల్లోనే ఉంది. తర్వాత మీరు చెప్పే ప్రతి కథలోనూ పిల్లలు దానివైపు చూస్తారు.

ఒక జాగ్రత్త. క్లాసులో నిజంగానే తలనిండా పేలున్న పిల్ల ఒకరో ఇద్దరో ఉంటారు, మిగతావాళ్ళు వాళ్ళ వైపు చూస్తారు. అట్లాంటి క్లాసులో పేలు వద్దు, ఆవులింతలు పెట్టుకోండి. ఆవులింత గురించి చదివినా వస్తుంది, చూసినా వస్తుంది, ఎవరి పరువూ పోదు.

1899లో ఎడ్విన్ స్లాసన్ అనే అమెరికా ప్రొఫెసర్ ఒక ప్రయోగం గురించి రాశాడు. క్లాసులో ఒక సీసా మూత తీసి, దూది మీద పోసి, దీని వాసన ఎంత వేగంగా వ్యాపిస్తుందో చూడాలి, వాసన తగిలినవాళ్ళు చేయెత్తండి అన్నాడు. కొన్ని సెకన్లలో ముందు వరస చేతులు లేచాయి. నిమిషం లోపల దాదాపు ముప్పాతిక మంది వాసన వస్తోందన్నారు, ముందున్నవాళ్ళు కొందరు తట్టుకోలేక లేచిపోబోయారు. సీసాలో ఉన్నది ఉత్త నీళ్ళు. ఈ కథ చెప్పండి, కానీ మీరు చేయొద్దు. వాసన, గ్యాసు, విషం అనే మాటలతో పిల్లల మీద ప్రయోగం చేయకూడదు. ఒక్క పిల్లకు ఊపిరాడకపోయినా ఆ తర్వాత ఆపడం మీ చేతిలో ఉండదు.

స్ట్రాస్‌బర్గ్, 1518

దీనికి ఒక పీరియడు పూర్తిగా ఇవ్వండి. ముందు బోర్డు మీద నాలుగు గళ్ళు గీయండి: అంతకు ముందు ఆ ఊరి పరిస్థితి ఏంటి, మొదట ఎవరికి వచ్చింది, ఎట్లా పాకింది, పెద్దలు ఏం చేశారు. తర్వాత చెప్పే కథలన్నీ ఇదే గళ్ళలో పడాలి.

మొదటి గడి నింపడానికి మా పిల్లలకు కష్టం కాదు. స్ట్రాస్‌బర్గ్ ఇప్పుడు ఫ్రాన్స్‌లో ఉంది, అప్పట్లో పవిత్ర రోమన్ సామ్రాజ్యంలో ఉండేది. పంటలు పోయాయి, ధాన్యం ధర ఆకాశానికంటింది, మశూచి, కుష్ఠు, సిఫిలిస్ పట్టి పీడిస్తున్నాయి. అప్పులపాలైనవాళ్ళు, ఊరొదిలినవాళ్ళు వీధుల్లో అడుక్కుంటున్నారు. ‘కరువులో మనిషికి ఏమవుతుంది?’ అని అడిగి ఊరుకోండి. మా క్లాసులో ఒక పిల్ల చెప్పింది: ‘మా అవ్వ సెప్పినాది మేడం, గంజి కేంద్రంకాడ నిలబడిన్నాళ్ళు ఎవురు ఏం సెప్పినా నమ్మబుద్ధయ్యేదంట.’ ఇంతకంటే మంచి వివరణ నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు.

1518 జులైలో ట్రోఫియా అనే ఇల్లాలు వీధిలోకి వచ్చి చిందులేయడం మొదలుపెట్టింది. పాట లేదు, మేళం లేదు. సొమ్మసిల్లి పడిపోవడం, లేవడం, మళ్ళీ చిందులు. కాళ్ళు వాచి నెత్తురు కారినా ఆగలేదు. వారం తిరిగేసరికి ముప్పై మందికి పైగా చేరారు. ఆగస్టులో ఆ సంఖ్య 400 దాకా పోయిందంటారు.

ఇక్కడ కథ ఆపండి. ‘ఆ ఊరి పెద్దలు మీరే అయితే ఏం చేస్తారు?’ అని అడిగి జవాబులన్నీ రాయండి. కట్టేస్తాం అంటారు, వేపమండలతో కొట్టిస్తాం అంటారు, తాయెత్తు కట్టిస్తాం అంటారు, 108కి ఫోన్ చేస్తాం అంటారు. తర్వాత నగర సభ చేసిన పని చెప్పండి. వైద్యులను పిలిపించి అడిగితే నెత్తురు వేడెక్కింది, ఇంకా చిందులేస్తేనే తగ్గుతుంది అన్నారు. సభ చేతివృత్తుల సంఘాల హాళ్ళు ఖాళీ చేయించింది, గుర్రాల సంతలో వేదిక కట్టించింది, డప్పులవాళ్ళను, పిల్లనగ్రోవివాళ్ళను కూలికి పిలిపించింది, పడిపోయేవాళ్ళను పట్టుకుని నిలబెట్టడానికి బలమైన మగవాళ్ళను పెట్టింది. చూడ్డానికి వచ్చినవాళ్ళు కూడా అందులోకి దిగారు. చివరికి సభ మాట మార్చుకుని మేళతాళాలు నిషేధించి, చిందులేసేవాళ్ళను బండ్ల మీద సావెర్న్ దగ్గరున్న సెయింట్ వైటస్ అనే క్రైస్తవ సాధువు గుడికి పంపించింది. అక్కడ ప్రార్థనలు చేయించాక మెల్లగా తగ్గింది.

గుడికి పోతే ఎందుకు తగ్గింది? పిల్లలు ఈ ప్రశ్న తప్పకుండా అడుగుతారు, తప్పించుకోవద్దు. రైన్ నది ప్రాంతంలో సెయింట్ వైటస్‌కు కోపమొస్తే మనుషులను ఆపకుండా ఆడిస్తాడని నమ్మకం ఉండేది. 1374లోనూ ఆహెన్ వైపు ఇట్లాంటి చిందుల రోగం వచ్చింది. శాపం తగిలితే ఎట్లా ఉంటుందో ఆ ఊరికి ముందే తెలుసు. ఆకలితో, దిగులుతో మనసు ఉక్కిరిబిక్కిరి అయినప్పుడు ఒళ్ళు ఏ దారి పట్టాలో ఆ నమ్మకమే చూపించింది. శాపం పెట్టినవాడు శాంతించాడని నమ్మకం కుదిరాక ఒళ్ళు కూడా శాంతించింది. భయానికి రూపమిచ్చేది ఊరి నమ్మకమే అన్న సంగతి పిల్లలకు అందితే సగం పాఠం అయిపోయినట్టే.

ఎర్గాట్ అనే బూజు పట్టిన రై (గోధుమలాంటి ఒక ధాన్యం) తిని అట్లా అయ్యారని కొందరంటారు. ఆ బూజు మన సజ్జ, జొన్న కంకులకు వచ్చే తేనెబంక తెగులుకు దగ్గరి చుట్టం. మా పిల్లలకు తేనెబంక తెలుసు కాబట్టి చర్చ బాగా జరుగుతుంది. ఎర్గాట్ ఒంట్లోకి పోతే మూర్ఛలు వస్తాయి, కాళ్ళూ చేతులూ నెత్తురాడక చచ్చుబడతాయి, ఆ కాళ్ళతో రోజుల తరబడి చిందులేయడం అయ్యే పని కాదు. పిల్లలకు రెండు వాదనలూ ఇచ్చి వాళ్ళనే తేల్చమనండి.

పీరియడు చివర ఒక ప్రశ్న మిగల్చండి: ఇదంతా మనకెట్లా తెలుసు? ట్రోఫియా పేరు మనకు చెప్పినవాడు పారాసెల్సస్ అనే వైద్యుడు. ఆయన స్ట్రాస్‌బర్గ్ వచ్చింది 1526లో, అంటే ఎనిమిదేళ్ళ తర్వాత. మొగుడిని విసిగించడానికే ఆమె చిందులేసింది అని రాసినవాడూ ఆయనే. చూసినవాడు చెప్పిందేంటి, విన్నవాడు చెప్పిందేంటి అని వేరుచేయడం చరిత్ర టీచర్ నేర్పాల్సిన పని. ఇక్కడ అది సులభంగా కుదురుతుంది.

పూనకం ప్రశ్న

‘మేడం, జాతరలో పూనకం వచ్చేది కూడా ఇదేనా?’ ఎవరో ఒకరు లేచి అడుగుతారు. మా వైపు గూగూడు కుళ్ళాయస్వామి పీర్ల పండగకు పోని ఇల్లు తక్కువ, గంగమ్మ జాతర చేయని ఊరు తక్కువ. ఈ ప్రశ్నకు ఔనని గానీ కాదని గానీ ఒక్క మాటలో చెప్తే ఆ పిల్ల ఇంట్లో వాళ్ళను చిన్నబుచ్చినట్టే. నేను తేడా చూపిస్తాను. పూనకానికి తిథి ఉంది, చోటు ఉంది, డప్పు ఉంది. వచ్చినప్పుడు పట్టుకునేవాళ్ళు, హారతి ఇచ్చేవాళ్ళు, దిగినాక నీళ్ళిచ్చి కూర్చోబెట్టేవాళ్ళు ఉంటారు. మొదలూ తుదీ ఊరందరికీ తెలుసు, ఎవరూ భయపడరు. స్ట్రాస్‌బర్గ్‌లో ఇవేవీ లేవు. అందుకే అది రోగమైంది. పిల్లల భక్తి గురించి తీర్పు చెప్పడం మన పని కాదు, అంతవరకు చెప్పి తర్వాతి కథకు పోండి.

టాంగన్యికా, 1962, ఆడపిల్లల సంగతి

ఇప్పటి టాంజానియాలో, విక్టోరియా సరస్సు దగ్గర బుకోబా అనే పట్నం ఉంది. దానికి దగ్గర్లో కషాషా అనే ఊళ్ళో మిషనరీలు నడిపే బాలికల హాస్టల్ స్కూలు. 1962 జనవరి 30న ముగ్గురమ్మాయిలు నవ్వడం మొదలుపెట్టారు, ఆపలేకపోయారు. నవ్వు, ఏడుపు, గాభరా, మళ్ళీ నవ్వు. కొందరికి గంటలు, కొందరికి వస్తూ పోతూ రోజులు. 159 మందిలో 95 మందికి సోకింది. టీచర్లకు ఒక్కరికీ రాలేదు. మార్చి 18న స్కూలు మూసి పిల్లలను ఇళ్ళకు పంపారు. ఆ పిల్లలు పోయిన ఊళ్ళలో మొదలైంది. న్షాంబా అనే ఊళ్ళోనే 217 మందికి వచ్చింది. మొత్తం పద్నాలుగు స్కూళ్ళు మూతపడ్డాయి. నెత్తురు పరీక్షల్లో ఏమీ దొరకలేదు, తిండిలో విషం లేదు.

ఈ కథకు పిల్లలు మొదట నవ్వుతారు. నవ్వనీయండి. తర్వాత, ఆ దేశానికి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదని, ఇంటి దగ్గర ఒక పద్ధతి, స్కూల్లో ఇంకొక పద్ధతి అని, పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ళ పిల్లలు కఠినమైన క్రమశిక్షణ మధ్య ఇంటికి దూరంగా ఉన్నారని చెప్పండి. మా క్లాసులో అంతకు ముందు కస్తూరిబా హాస్టల్లో చదివిన పిల్లలు ఆ మాట దగ్గర నవ్వడం మానేశారు.

రికార్డైన ఇట్లాంటి సంఘటనల్లో ఎక్కువమంది ఆడపిల్లలే. మగపిల్లలు దీన్ని ఎగతాళికి వాడుకుంటారు కాబట్టి ముందుగానే మాట్లాడండి. నోరు విప్పి చెప్పుకునే వీలు ఎవరికి తక్కువో, చెప్పినా వినేవాళ్ళు ఎవరికి లేరో, వాళ్ళ ఒళ్ళే మాట్లాడుతుంది. పదో తరగతి అయ్యీ కాకముందే పెళ్ళి మాటలు మొదలయ్యే ఇళ్ళు మా మండలంలో ఇంకా ఉన్నాయి. నేను దీన్ని దాచకుండా క్లాసులో అంటాను. వెంటనే 2001 మే నెల ఢిల్లీ కథ చెప్తాను. ఎండాకాలం, కరెంటు కోతలు, జనం డాబాల మీద నిద్ర. కోతి మనిషి వచ్చి గోళ్ళతో గీరుతున్నాడని పుకారు. హెల్మెట్ పెట్టుకున్నాడని ఒకరు, ఇనప గోళ్ళని ఒకరు, ఎర్ర కళ్ళని ఒకరు. పోలీసులు ఊహాచిత్రం గీయించారు, పట్టిచ్చినవాళ్ళకు 50,000 రూపాయలు ప్రకటించారు. భయంతో పరుగెత్తి డాబాల మీది నుంచి పడి చనిపోయినవాళ్ళున్నారు. కోతి మనిషి మాత్రం దొరకలేదు. పొడవాటి కర్రలు పట్టుకుని రాత్రంతా కాపలా కాసింది మగవాళ్ళే. ఇది చెప్పాక ఎగతాళి ఆగిపోతుంది.

సేలం మంత్రగత్తెల కేసులకు అర పీరియడు చాలు. 1692, అమెరికాలో మసాచుసెట్స్. పాదిరి ఇంట్లో తొమ్మిదేళ్ళ బెట్టీ పారిస్, పదకొండేళ్ళ అబిగైల్ విలియమ్స్ వంకర్లు పోతూ కేకలు పెట్టారు. ‘మీకెవరు చేశారు?’ అని పెద్దలు అడగడం మొదలుపెట్టాకే పేర్లు బయటికొచ్చాయి. పందొమ్మిది మందిని ఉరితీశారు, ఒక ముసలాయనను రాళ్ళ కింద పెట్టి చంపారు. ఫలానావాళ్ళ ఆత్మ వచ్చి నన్ను గిచ్చింది అంటే కోర్టు సాక్ష్యంగా తీసుకుంది. ఒప్పుకున్నవాళ్ళకు ప్రాణం దక్కింది, ఒప్పుకోనివాళ్ళు చచ్చారు. 1697లో జడ్జీ శామ్యూల్ సూయల్ చర్చిలో అందరి ముందూ నిలబడి తప్పు తనదని ఒప్పుకున్నాడు. బాణామతి చేసిందని ఒంటరి ముసలమ్మ మీద నింద వేయడం మనకు తెలియనిది కాదు. పిల్లలే ఆ పోలిక తెస్తారు, మీరు తేనక్కరలేదు.

పాలు తాగిన రాయి

ఇది ఫిజిక్స్ సార్ పీరియడు. 1995 సెప్టెంబర్ 21న దేశమంతా వినాయకుడి విగ్రహాలు పాలు తాగుతున్నాయని గుళ్ళముందు వరసలు కట్టారు. మన ఊళ్ళలోనూ ఆ రోజు గుర్తున్న తల్లిదండ్రులు ఉన్నారు. ప్రభుత్వ శాస్త్రవేత్తలు పాలల్లో రంగు కలిపి చెంచాతో పట్టి చూపించారు. పాలు విగ్రహం ముందు భాగం మీద పలచటి పొరగా కిందికి జారుతున్నాయి.

క్లాసులో విగ్రహం వాడొద్దు. నాపరాయి ముక్క చాలు. తాడిపత్రి, బేతంచెర్ల బండలు ఎవరింట్లోనైనా ఉంటాయి. రాయిని తడిపి నిలువుగా పెట్టండి. చెంచా నిండా, అంచు కంటే కాస్త పొంగి నిలబడేటంత వరకు పాలు పోయండి. చెంచా కొసను రాయికి ఆనించి, చేయి కదల్చకుండా పట్టుకోండి. పొంగి నిలబడ్డ పాలు రాయిని తాకగానే దాని మీదికి లాక్కున్నట్టు పోతాయి, చెంచాలో మట్టం తగ్గిపోతుంది. పొడి రాయి మీద అంత బాగా జరగదు, తడి రాయే కావాలి. ఇప్పుడు ఇంకొక చెంచా పాలల్లో చిటికెడు పసుపు కలిపి మళ్ళీ ఆనించండి. నల్లరాయి మీద పసుపు గీత సన్నగా కిందికి దిగుతుంది, బండ అడుగున మడుగు కడుతుంది. తలతన్యత గురించి, అంటే ద్రవం పైపొర బిగుతుగా లాక్కుని ఉండే గుణం గురించి, సార్ చెప్పాల్సింది అప్పుడే. ప్రయోగం తర్వాత నేను దేవుడి మాట ఎత్తను. ‘ఆ రోజు చెంచా పట్టుకున్నవాళ్ళకు పాలు తగ్గడం కనపడింది, అది నిజం. కారిపోవడం ఎందుకు కనపడలేదు?’ అని మాత్రం అడుగుతాను. తెల్లపాలు, తెల్లరాయి, అభిషేకంతో అప్పటికే తడిసిన నేల, వెనక నుంచి తోసే జనం. ఇవన్నీ పిల్లలే చెప్తారు.

ఇంటిపని

అవ్వాతాతలను అడిగి రాసుకు రమ్మనండి. మా వైపు బాగా పలికేది ‘ఓ స్త్రీ రేపు రా’. రాత్రిపూట ఒక ఆడమనిషి తెలిసిన గొంతుతో పిలుస్తుందని, తలుపు తీస్తే చావేనని, తలుపు మీద ఆ మాట రాసుంటే చదువుకుని వెళ్ళిపోయి మళ్ళీ రేపొస్తుందని తొంభైల్లో ఊరూరా రాశారు. బెంగళూరు వైపు అదే కన్నడంలో ‘నాళె బా’. సరిహద్దు పల్లెల్లో రెండూ రాసిన తలుపులున్నాయని మా పిల్లలు కొందరు రాసుకొచ్చారు.

ప్రశ్నలు మీరే ఇవ్వండి, లేకపోతే కథ మాత్రమే తెస్తారు. మీకు ఎవరు చెప్పారు? వాళ్ళకు ఎవరు చెప్పారంట? మీరు కళ్ళారా చూసిందేంటి? మీ తలుపు మీద ఎవరు రాశారు, దేంతో రాశారు? ఆ ఏడు వానలెట్లా ఉన్నాయి, ఇంట్లో మగవాళ్ళు ఎక్కడున్నారు? ఎప్పుడు, ఎట్లా ఆగిపోయింది? చివరి ప్రశ్నకు చాలామంది దగ్గర జవాబు ఉండదు. మూకుమ్మడి భయాలు ఎట్లా పోతాయో ఎవరూ గమనించరన్నది వాళ్ళ నోట్సుల్లోనే బయటపడుతుంది. ఒక పిల్ల తెచ్చింది నాకు బాగా నచ్చింది. వాళ్ళ జేజికి చదువు రాదు. పక్కింటి పిల్లవాడిని పిలిచి బొగ్గుతో రాయించుకుంది. ‘నాకే సదవనీక రాదు, దయ్యానికి వచ్చిందో రాదో అని ఆలోచన సేసినా, అయినా రాయించినా’ అందట. ఈ మాటను క్లాసులో చదివించండి. మనిషి లోపల అనుమానమూ భయమూ రెండూ ఒకేసారి ఉంటాయని దీనికంటే బాగా ఎవరూ చెప్పలేరు.

ఏలూరు, గద్వాల

ఈ రెండూ చెప్పకుండా పాఠం ముగిస్తే పిల్లలు ప్రతి రోగాన్నీ ‘అది మనసు భ్రమ’ అనేస్తారు. 2020 డిసెంబరులో ఏలూరులో జనం ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోయారు. 500 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు, ఒకరు చనిపోయారు. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో వాళ్ళ నెత్తురులో సీసం, నికెల్ కనపడ్డాయి. ఎవరైనా మొదటిరోజే అది భయమని తేల్చేసి ఇంటికి పంపించి ఉంటే? నీళ్ళు, తిండి, గాలి, మందు, నెత్తురు అన్నీ పరీక్ష చేశాకే మనసు సంగతి మాట్లాడాలి. ఈ వరస తప్పకూడదని బోర్డు మీద రాయించండి.

2018లో పిల్లలనెత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వీడియోలు వచ్చి, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అమాయకులను కొట్టి చంపారు. జులై 1న మహారాష్ట్రలో ధూలే జిల్లా రైన్‌పాడాలో భిక్షాటనకు వచ్చిన ఐదుగురిని చంపేశారు. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ను ఒకసారికి ఐదు చాట్‌లకు మించి పంపకుండా కట్టడి చేసింది. కర్నూలుకు తుంగభద్ర అవతల, జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పట్లో ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఊరికొక పోలీసును పెట్టి, వాళ్ళను ఊరి వాట్సాప్ గ్రూపుల్లో చేర్పించి, డప్పు కళాకారులతో పాటలు కట్టించి పల్లెపల్లెకూ పంపించారు. ‘పెద్దలు ఏం చేశారు’ అన్న నాలుగో గడిలో స్ట్రాస్‌బర్గ్ డప్పును, గద్వాల డప్పును పక్కపక్కన పెట్టించండి. 1789 ఫ్రాన్స్ కూడా ఇక్కడే కలుస్తుంది. షాంపేన్ ప్రాంతంలో దొంగలొస్తున్నారని వేల మంది ఆయుధాలతో పరుగెత్తితే, తీరా అక్కడున్నది ఆవుల మంద. ఫోన్లు లేని కాలంలోనే అంత వేగం. తప్పు ఫోన్‌ది ఒక్కదానిదే అనే పిల్లలకు ఇది చెప్పాలి.

మన స్కూల్లోనే జరిగితే

ఈ పాఠం చెప్పే టీచర్‌కు ఇది తెలిసి ఉండాలి. నేను ఇంతకు ముందు పనిచేసిన ఒక స్కూల్లో ఐరన్ మాత్రలు ఇచ్చిన రోజు, పొద్దున ఏమీ తినకుండా వచ్చిన పిల్ల ఒకటి వాంతి చేసుకుంది. పరగడుపున ఐరన్ మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పడం మామూలే. కానీ వరండాలో అందరి ముందూ జరిగింది. పది నిమిషాల్లో ఇంకొకరు, తర్వాత నలుగురు, కళ్ళు తిరుగుతున్నాయని కూలబడ్డారు. ఏఎన్ఎం అక్క వచ్చి చేసిన పనులు నాకు కళ్ళకు కట్టినట్టున్నాయి. ముందు చూసేవాళ్ళను క్లాసుల్లోకి పంపించింది. పడినవాళ్ళను ఒక్కచోట గుంపుగా కాకుండా వేప చెట్టు కింద దూరదూరంగా, ఒకరికొకరు కనపడకుండా కూర్చోబెట్టింది. ఒక్కొక్కరి నాడి చూసి, పొద్దున ఏం తిన్నావని అడిగి, ఉప్పు చక్కెర కలిపిన నీళ్ళు గుటక గుటకగా తాగించింది. మిగిలిన మాత్రల అట్టను పీహెచ్‌సీకి పంపించింది, డాక్టర్‌కు ఫోన్ చేసింది. ఒక్కసారి కూడా ‘ఏం కాలేదు, లేయ్’ అనలేదు. ‘తగ్గిపోతుంది, నేనీడే ఉంటా’ అంది. మధ్యాహ్న భోజనం బెల్లుకు అందరూ లేచి పళ్ళెం పట్టుకున్నారు.

గేటు దగ్గర మాత్రం ఎవరో ఫోన్‌లో వీడియో తీస్తున్నారు. అది ఊళ్ళోకి పోయి, తల్లిదండ్రులు ఏడుస్తూ పరుగెత్తుకొచ్చారు. వాళ్ళను చూసి తగ్గిన పిల్లల్లో ఇద్దరు మళ్ళీ పడ్డారు. కాబట్టి ఒక టీచర్‌ను గేటు దగ్గరే ఉంచి, వచ్చినవాళ్ళతో నిదానంగా మాట్లాడించి, ఒక్కొక్కరినే లోపలికి పంపండి.

పరీక్ష

సంవత్సరాలు, పేర్లు అడగొద్దు. నేను ఇచ్చే ప్రశ్న ఇట్లా ఉంటుంది: ‘ఒక హాస్టల్లో రాత్రి అన్నం తిన్నాక పన్నెండు మంది పిల్లలకు కడుపునొప్పి వచ్చింది. ముందురోజు ఒక పిల్ల పామును చూశానని అరిచింది. వంట మనిషి కొత్తది. నువ్వు విచారణకు వెళ్ళావు. ఎవరిని, ఏ వరసలో, ఏం అడుగుతావు? ఎందుకు?’ జవాబు ఏదైనా కావచ్చు, కథలో నేను ఏదీ తేల్చను. నేరుగా ‘ఇది మాస్ హిస్టీరియా’ అని రాసినవాళ్ళకు పదికి మూడు మించి ఇవ్వను. ‘వంట మనిషి విషం పెట్టింది’ అని రాసినవాళ్ళకూ అంతే. తిన్నవాళ్ళందరికీ వచ్చిందా, తిననివాళ్ళకూ వచ్చిందా అని అడిగిన పిల్లకు ఆ ఒక్క ప్రశ్నకే ఐదు. ఒకే గదిలో పడుకునేవాళ్ళకా, వేర్వేరు గదుల వాళ్ళకా అని అడిగితే ఇంకా రెండు. మొదట నొప్పి వచ్చిన పిల్లను ఒంటరిగా కూర్చోబెట్టి, నాలుగు రోజులుగా ఇంటి దగ్గర ఏం జరుగుతోందమ్మా అని అడుగుతానని రాసినవాళ్ళకు మిగతా మూడూ వేస్తాను.